సీడీ138 రంగు కుదిరేసరికి వంద రోజులు: నా అనుభవం

ఫిబ్రవరి 5న మా విభాగాధిపతి మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, ఎముక మజ్జ బయాప్సీలలో ప్లాస్మా కణాలను (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్త కణాలను) గుర్తించే యాంటీబాడీ పరీక్షలను, అంటే సీడీ138 లాంటి ప్రొటీన్లకు అంటుకుని అక్కడ రంగు తేల్చే పరీక్షలను, ఇకమీదట బయటికి పంపకుండా మన ల్యాబులోనే చేద్దామని, ఆ పని నాకే అప్పగిస్తున్నానని చెప్పినప్పుడు, రెండు వారాల్లో ముగించేయవచ్చని మనసులో లెక్క వేసుకున్నాను. అప్పటికి నేను పాథాలజీ పీజీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఇతరులు రంగు వేసిన స్లైడ్లను చూసి రిపోర్టు రాయడం తెలుసు గానీ, ఆ రంగు వేయడం ఎంత పనో తెలియదు. మొదటి రిపోర్టు మీద సంతకం పడింది మే 16న, అంటే సరిగ్గా 100 రోజులకు. ఆ రోజుల్లో ఎక్కువ భాగం, యాంటీబాడీ చుక్క స్లైడు మీద పడకముందే జరిగిపోయిన తప్పులను వెతకడానికే సరిపోయింది. మీ ల్యాబులో ఇదే పని మొదలుపెట్టబోయే వారెవరైనా ఉంటే, ఏ మలుపులో ఎన్ని రోజులు పోతాయో ముందే తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

అంతకుముందు మా పద్ధతి వేరు. మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) అనుమానం ఉన్న రోగి బ్లాకును (మైనంలో పోసిన బయాప్సీ ముక్కను) బయటి ల్యాబుకు పంపేవాళ్లం, ఫలితం రావడానికి 9 నుంచి 14 రోజులు పట్టేది. ఈలోగా వార్డు నుంచి రోజుకొక ఫోన్ వచ్చేది. ఆ ఫోన్లు ఎత్తేది నేనే కాబట్టి, ఈ పని నాకు అప్పగించినందుకు నిజానికి సంతోషించాను.

ఫిబ్రవరి 8న మూడు రకాలకు ఆర్డరు పెట్టాం: ప్లాస్మా కణం పై పొర మీద ఉండే సీడీ138 కోసం ఒకటి, కేంద్రకంలో ఉండే మమ్1 కోసం ఒకటి, ఆ కణాలు తయారుచేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ తేలిక గొలుసులైన కప్పా, లాంబ్డాల కోసం ఒక జత. సీసాలు చేతికి రావడానికి 19 రోజులు పట్టింది. ఫిబ్రవరి 27 సాయంత్రం పెట్టె తెరిస్తే లోపలి ఐస్ జెల్ ప్యాకులు కరిగి గోరువెచ్చగా ఉన్నాయి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండవలసిన సరుకు అది. తిప్పి పంపిస్తే మరో 19 రోజులు ఆగాలి. పెట్టె వచ్చిన స్థితిని ఫొటో తీసి, సరఫరాదారుకు మెయిల్ పెట్టి, సీసాలను ఫ్రిజ్‌లో పెట్టాం. మెయిల్‌కు జవాబు ఇప్పటికీ రాలేదు. యాంటీబాడీ మాత్రం చెడిపోలేదని తర్వాత తేలింది గానీ, ఆ తర్వాతి ఆరు వారాల్లో ఏ రంగు తేడాగా వచ్చినా నా అనుమానం మొదట ఆ కరిగిన ప్యాకుల మీదికే పోయేది, దానివల్ల చాలా సమయం వృథా అయింది.

ఆ 19 రోజులూ ఖాళీగా కూర్చోలేదు. వాలిడేషన్‌కు, అంటే మా రంగు ముందే తెలిసిన ఫలితాలతో కలుస్తోందో లేదో చూసే పరీక్షకు, కేసులు ఏరాను. కాలేజ్ ఆఫ్ అమెరికన్ పాథాలజిస్ట్స్ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మందు ఎంపికను నేరుగా నిర్ణయించని ఇలాంటి మార్కర్లకు కనీసం 10 పాజిటివ్, 10 నెగటివ్ కేసులు చూడాలి, 90 శాతం ఫలితాలు కలవాలి. పాజిటివ్‌లు దొరకడం తేలికే అయింది: బయటి ల్యాబు రిపోర్టులు ఉన్న మైలోమా మజ్జలు ఏడు, ప్లాస్మాసైటోమాలు (ఒకే చోట గడ్డగా పెరిగిన ప్లాస్మా కణాల క్యాన్సర్లు) రెండు, దీర్ఘకాలపు వాపులో ప్లాస్మా కణాలు గుమిగూడిన టిష్యూ ఒకటి. చిక్కంతా నెగటివ్‌ల దగ్గర వచ్చింది. సీడీ138 బొత్తిగా లేని టిష్యూ కావాలని వెతుకుతుంటే, ఆరోగ్యవంతుడి మజ్జలోనూ నాలుగు ప్లాస్మా కణాలు ఉంటాయి, చర్మంలోనూ గ్రంథుల్లోనూ ఎపిథీలియం (ఉపరితలాలను కప్పే పొర) కణాల మీద ఇదే సీడీ138 ఉంటుంది. చివరికి ఫాలిక్యులర్ లింఫోమా, మాంటిల్ సెల్ లింఫోమా, దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా, టీ లింఫోబ్లాస్టిక్ లింఫోమా అనే వేరే రక్త క్యాన్సర్ల కేసులు పది తీసుకుని, నెగటివ్ అంటే గడ్డ కణాలు నెగటివ్‌గా ఉండటమేనని, మధ్యలో అక్కడక్కడ మామూలు ప్లాస్మా కణాలు రంగు తేలితే అది రంగు పనిచేసిందనడానికి లోపలి సాక్ష్యమని రాసుకున్నాను. ఈ ఒక్క వాక్యం కుదరడానికే మేడమ్‌తో రెండు రోజులు చర్చ జరిగింది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 1975లో శాస్త్రవేత్తలు కోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీలను (ఒకే లక్ష్యాన్ని పట్టే ఒకే రకం యాంటీబాడీలను) తయారుచేసింది ఎలుక ప్లీహంలోని కణాలను మైలోమా కణాలతో కలిపి. మైలోమాను పట్టుకోవడానికి నేను ఎదురుచూస్తున్న సీసాలోని మందు పుట్టింది కూడా అలాంటి మైలోమా కణం చలవతోనే అన్న సంగతి ఆ ఖాళీ రోజుల్లో చదివి, కాసేపు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. సీనియర్ టెక్నీషియన్ గారికి చెబితే, "అయితే మనకు ముందుగా రావలసింది కదా డాక్టరమ్మా" అన్నారు.

మార్చి 1న మొదటి రంగు, టాన్సిల్ మీద వేశాం. ఇలాంటి పరీక్షకు టాన్సిల్‌ను మించిన కొలత లేదు, ఎందుకంటే ఒకే ముక్కలో రంగు పడవలసిన చోటూ పడకూడని చోటూ పక్కపక్కనే ఉంటాయి. 3 మైక్రాన్ల మందంతో కోసిన ఎనిమిది సెక్షన్లు తీసుకుని, యాంటీబాడీని 50 పాళ్లకు ఒకటి, 100కు ఒకటి, 200కు ఒకటిగా పలుచన చేసి, ఒక్కొక్కదాన్ని పీహెచ్ 6 సిట్రేట్ ద్రావణంలోనూ పీహెచ్ 9 ట్రిస్ ఈడీటీఏ ద్రావణంలోనూ మరిగించినవాటి మీద వేశాం (టిష్యూను నిలవబెట్టే ఫార్మలిన్ మూసేసిన ప్రొటీన్లు యాంటీబాడీకి అందడానికే ఈ మరిగింపు). మిగిలిన రెండు స్లైడ్ల మీద యాంటీబాడీ వేయలేదు, మిగతా అన్ని మెట్లూ మామూలే. ఈ రెండు ఉత్త స్లైడ్లను వృథా ఖర్చుగా అనుకున్నానని ఒప్పుకోవాలి. మైనం కరిగించడం దగ్గర్నుంచి డీపీఎక్స్ జిగురుతో గాజు బిళ్ల అంటించేదాకా చేతితో చేస్తే దాదాపు 5 గంటలు పట్టింది.

పీహెచ్ 6లో మరిగించిన మూడూ వెలవెలబోయాయి. పీహెచ్ 9లో 100కు ఒకటి వేసిన స్లైడును సూక్ష్మదర్శిని కింద పెట్టి 40 లెన్సు తిప్పినప్పుడు చూసింది మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పై పొర ఎపిథీలియంలో ఒక్కో కణం చుట్టూ గోధుమ గీత గీసినట్టు, చేపల వల పరిచినట్టు కనిపించింది. దాని కింద ఉన్న జెర్మినల్ సెంటర్ (బీ లింఫోసైట్లు పెరిగే గుండ్రని భాగం) హెమటాక్సిలిన్ నీలంలో ఖాళీగా మిగిలింది. ఆ రెంటి మధ్య, క్రిప్టు (టాన్సిల్ పై పొరలోని లోతైన మడత) అంచున, విడివిడిగా ప్లాస్మా కణాలు ఉన్నాయి, కోడిగుడ్డు ఆకారంలో, కేంద్రకం ఒక మూలకు ఒరిగి, చుట్టూ ముదురు గోధుమ రంగు అంచుతో. అంచు తెగకుండా పూర్తిగా చుట్టి ఉంది, లోపలి భాగంలో మాత్రం లేత ఛాయే. అలాంటి కణాన్ని పుస్తకాల్లో వంద సార్లు చూసినా, నేను వేసిన రంగులో అది తేలడం చూసినప్పుడు పట్టరాని ఆనందం కలిగింది. మరో వారంలో పని పూర్తవుతుందని ఆ సాయంత్రం మేడమ్‌కు చెప్పాను.

మార్చి 8న అసలు టిష్యూ, అంటే ఎముక మజ్జ, మొదటిసారి పెట్టాం. ఆరు స్లైడ్లను మరుగుతున్న పీహెచ్ 9 ద్రావణంలోంచి తీసేసరికి నాలుగింటి మీద ఏమీ లేదు. గాజు పలక శుభ్రంగా ఉంది, టిష్యూ ద్రావణంలో పొరలు పొరలుగా తేలుతోంది. ఎముకలోని కాల్షియం తీసేసిన సెక్షన్లు గాజును గట్టిగా పట్టుకోవని, పీహెచ్ 9లో మరుగు ఎక్కువైతే లేచిపోతాయని అప్పుడే తెలిసింది. ఆ నాలుగింటిలో ఒకటి చిన్న బ్లాకు, మళ్లీ కోయడానికి అందులో పెద్దగా టిష్యూ మిగల్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అది అభ్యాసానికి ఇచ్చిన వస్తువు కాదు, ఒక మనిషి తుంటి ఎముకలో సూది దించి తీసిన ముక్క. ఇకమీదట రంగు కుదిరేదాకా నిండుగా ఉన్న బ్లాకులే వాడాలని, చిన్న బ్లాకుల జోలికి పోకూడదని నియమం పెట్టుకున్నాను. ఈ నియమం మొదటి రోజే ఉండవలసింది.

దీన్ని సరిచేయడానికి వారం పట్టింది. టిష్యూ గట్టిగా అంటుకునేలా ధనావేశం ఇచ్చిన స్లైడ్లు మాత్రమే వాడటం, సెక్షన్‌ను నీటి మీద నుంచి ఎత్తాక అడుగున నీటి బుడగ మిగలకుండా నిలబెట్టి నీరు కారనివ్వడం, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తెల్లవారి ఒక గంట 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచడం, ప్రెషర్ కుక్కర్ మానేసి 97 డిగ్రీల నీటి తొట్టిలో 30 నిమిషాలు ఉంచడం, అది దానంతట అదే చల్లారేదాకా 20 నిమిషాలు మూత తీయకపోవడం. వీటిలో ఏది అసలు పనిచేసిందో చెప్పలేను, ఎందుకంటే విసుగులో అన్నిటినీ ఒకేసారి మార్చేశాను. ఒక్కొక్కటిగా మార్చి ఉంటే ఇప్పుడు రాత్రంతా ఆరబెట్టే పని తప్పేదేమో.

మార్చి 15న సెక్షన్లు నిలిచాయి గానీ, మజ్జ అంతా గోధుమ రంగుకు తిరిగింది. ప్లాస్మా కణం, గ్రాన్యులోసైట్ (మరో రకం తెల్ల రక్త కణం), ఎర్ర రక్త కణం, ఏదీ విడిగా కనబడలేదు. కరిగిన ఐస్ ప్యాకుల అనుమానం మళ్లీ లేచింది. యాంటీబాడీ చెడిందని, కొత్తది తెప్పించాలని ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నాను. మర్నాడు ఉదయం సీనియర్ టెక్నీషియన్ గారు ఆ ఉత్తరం చదివి, ఏమీ అనకుండా, యాంటీబాడీ వేయని ఉత్త స్లైడును తెచ్చి నా సూక్ష్మదర్శిని కింద పెట్టారు. అదీ అంతే గోధుమ రంగులో ఉంది. యాంటీబాడీయే పడని చోట రంగు పడిందంటే తప్పు యాంటీబాడీది కాదు. తర్వాత ఆయన మా హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా తీసి, పారేయడానికి పెట్టిన రక్తపు నమూనా మీద రెండు చుక్కలు వేశారు. బుసబుస పొంగవలసింది పోయి, రెండు మూడు బుడగలు లేచి ఊరుకున్నాయి. "డాక్టరమ్మా, ఇది పెరాక్సైడ్ కాదు, నీళ్లు" అన్నారు.

జరిగింది ఇది. చివరి మెట్టులో గోధుమ రంగు పుట్టించేది పెరాక్సిడేజ్ ఎంజైము. ఎర్ర రక్త కణాల్లోనూ గ్రాన్యులోసైట్లలోనూ అలాంటి శక్తి స్వతహాగా ఉంటుంది కాబట్టి ముందుగా 3 శాతం పెరాక్సైడ్‌తో పది నిమిషాలు దాన్ని అణచివేయాలి. మా ద్రావణాన్ని ఎప్పుడు కలిపారో సీసా మీద తేదీ లేదు, మూత వదులుగా ఉంది. మజ్జ నిండా ఆ కణాలే కాబట్టి అక్కడ అల్లరి అయింది. అప్పుడు వెళ్లి మార్చి 1 నాటి టాన్సిల్ స్లైడ్లను మళ్లీ చూస్తే, రక్తనాళాల్లోని ఎర్ర కణాలు గోధుమ రంగులోనే ఉన్నాయి. ఆనందంలో నేను వాటిని చూడలేదు. కొత్త సీసా తెరిచి ఏ రోజుకు ఆ రోజు కలుపుకుని మార్చి 18న వేసిన రంగులో మజ్జ స్పష్టంగా తేలింది. ఉత్తరం చించేశాను.

మమ్1 రెండు ప్రయత్నాల్లోనే కుదిరింది, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కేంద్రకం నిండుగా రంగు పడుతుంది. జెర్మినల్ సెంటర్‌లోనూ కొన్ని కణాలకు పడుతుంది, అది తప్పు కాదు.

కప్పా, లాంబ్డాలు మాత్రం సహనాన్ని పరీక్షించాయి. మార్చి 25న మొదలుపెట్టి ఏప్రిల్ 12 దాకా వాటితోనే సరిపోయింది. ఇవి రక్తంలోనూ కణాల మధ్య ద్రవంలోనూ ఎప్పుడూ ఉండే ప్రొటీన్లు. ఫార్మలిన్‌లో ఆ ద్రవం కూడా గడ్డకట్టి అక్కడే నిలిచిపోతుంది కాబట్టి, వెనుక నేపథ్యమంతా తేనె పూసినట్టు రంగు తేలుతుంది. యాంటీబాడీని పలుచన చేస్తూ పోయాం. 2 వేల పాళ్లకు ఒకటి, 5 వేలకు, 10 వేలకు. చివరికి 20 వేల దగ్గర నేపథ్యం వెనక్కి తగ్గి, ప్లాస్మా కణాల లోపలి రంగు ముందుకు వచ్చింది. ఈ మధ్యలో రంగు పుట్టించే పాలిమర్ కిట్ అయిపోయి ఆరు రోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాం. ఖర్చుల గురించి అడిగేవారికి చెప్పదగిన సంగతి ఇదే. అందరూ యాంటీబాడీ ఖరీదు చూసి భయపడతారు గానీ, వందకు పైగా స్లైడ్లు వేసినా మా 1 మిల్లీలీటరు సీడీ138 సీసాలో అయిదో వంతు కూడా తరగలేదు. 100 పాళ్లకు ఒకటి అంటే స్లైడుకు ఒకటి రెండు మైక్రోలీటర్లు. డబ్బు తినేది పాలిమర్ కిట్టు, ధనావేశ స్లైడ్లు, ఆపైన మళ్లీ మళ్లీ వేయవలసి వచ్చిన ప్రతి బ్యాచూ. మొత్తం 212 స్లైడ్లు ఖర్చయ్యాయి. అందులో రిపోర్టుకు పనికొచ్చినవి సగం కూడా లేవు.

ఏప్రిల్ 15న వాలిడేషన్ మొదలై నాలుగు బ్యాచుల్లో ఏప్రిల్ 26కు ముగిసింది. రెండో బ్యాచులో, 19న, బయటి ల్యాబు "80 శాతం ప్లాస్మా కణాలు, సీడీ138 బలమైన పాజిటివ్" అని రిపోర్టు ఇచ్చిన రోగి నుంచే తర్వాత తీసిన మరో బ్లాకు మా దగ్గర నెగటివ్‌కు దగ్గరగా వచ్చింది. మళ్లీ వేసినా అంతే. పక్క స్లైడ్లన్నీ బాగున్నాయి. హెచ్ అండ్ ఈ స్లైడు (నీలం, గులాబీ రంగులతో వేసే మామూలు స్లైడు) తీసి చూస్తే, కేంద్రకాలకు నీలం రంగు కూడా సరిగ్గా పట్టలేదు, అన్నీ గులాబీ రంగులో దయ్యాల్లా ఉన్నాయి. రిజిస్టర్ వెతికితే సంగతి తెలిసింది: ఆ ముక్కను శుక్రవారం మధ్యాహ్నం ఆమ్లంలో వేసి, సోమవారం ఉదయం తీశారు. కొన్ని గంటలు ఉండవలసిన ముక్క రెండున్నర రోజులకు పైగా ఆమ్లంలో నానింది. ఆ శుక్రవారం డ్యూటీ నాదే. కాల్షియం తీసే తొట్టి మీద నేను రాసిన చీటీ కూడా ఉండి ఉంటుంది. ఆ కేసును సరిచేసే దారి లేదు, దాన్ని అలాగే కలవని ఫలితంగా రాశాం. 20లో 19 కలిశాయి, 95 శాతం. అంకెల్లో నెగ్గినా, రిజిస్టర్‌లో నా చేతిరాత చూసుకున్నాక సంబరం మిగల్లేదు.

ఆ వారం నుంచే మజ్జ బయాప్సీలకు ఆమ్లం మానేసి, తటస్థంగా ఉండే ఈడీటీఏకు మారాం. దీనికి రెండు రోజులు పడుతుంది. వార్డు వాళ్లు మొదట గొణిగారు. రెండు రకాల స్లైడ్లను పక్కపక్కన పెట్టి చూపించాక మాట్లాడలేదు.

మూడో బ్యాచు మధ్యలో మేడమ్ నాకు ఒక స్లైడు ఇచ్చారు, పేరు లేదు, వివరం లేదు, సీడీ138 మాత్రమే. వెన్నుపూస ముక్క, అందులో గుంపులు గుంపులుగా కణాలు, ప్రతిదాని చుట్టూ చక్కని గోధుమ అంచు. నేను సంకోచించకుండా ప్లాస్మాసైటోమా అన్నాను. ఆమె దాని హెచ్ అండ్ ఈ, మమ్1, సైటోకెరటిన్ (ఎపిథీలియం కణాల్లో ఉండే ప్రొటీన్) స్లైడ్లు ఒక్కొక్కటిగా నా ముందు పెట్టారు. మమ్1 లేదు, సైటోకెరటిన్ నిండుగా ఉంది. వేరే అవయవం నుంచి ఎముకకు పాకిన కార్సినోమా (ఎపిథీలియం క్యాన్సర్). సీడీ138 ఎపిథీలియంలో ఉంటుందని టాన్సిల్‌లో రోజూ కళ్లారా చూస్తూనే, నెగటివ్ కేసులు ఏరేటప్పుడు ఈ సంగతే రాసుకుని కూడా, ఆ క్షణంలో నాకు అది తట్టలేదు. "ఇది నువ్వు మర్చిపోవని ఇప్పుడే చూపించాను" అని ఆమె ఊరుకున్నారు. అప్పటి నుంచి మా ఫారంలో సీడీ138 ఒక్కటే అడిగే గడి తీసేశాం. మమ్1, కప్పా, లాంబ్డా దానితో పాటే వెళ్తాయి, అనుమానం ఉంటే సైటోకెరటిన్ కూడా.

మరొక మోసకారి గోధుమ రంగు గురించి కూడా చెప్పాలి. చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక రోగి మజ్జలో మాక్రోఫేజ్‌ల (చెత్తను మింగే కణాల) లోపల బంగారు ఛాయతో గరుకైన గుళికలు కనిపించాయి. అది హీమోసిడెరిన్, అంటే నిల్వ చేరిన ఇనుము. అంచు చుట్టి ఉండదు, ఉత్త స్లైడులోనూ ఉంటుంది, పెర్ల్స్ రంగు వేస్తే నీలంగా మారుతుంది. నేను వృథా అనుకున్న ఉత్త స్లైడు రెండోసారి ఆదుకుంది.

ఇక లెక్కింపు. మే 2 నుంచి మేడమ్, నేను ఒకే స్లైడ్లను విడివిడిగా చూసి, శాతాలు రాసి, తర్వాత పోల్చుకునేవాళ్లం. తక్కువ ఉన్నవాటిలో, బాగా ఎక్కువ ఉన్నవాటిలో పెద్ద తేడా రాలేదు. మధ్యలో ఉన్నవాటితోనే గొడవ. ఒక కేసులో ఆస్పిరేట్ స్మియర్‌లో (సూదితో పీల్చిన మజ్జను గాజు మీద పూసిన స్లైడులో) 28 శాతం ఉన్న ప్లాస్మా కణాలు, సీడీ138 స్లైడులో నాకు 65గా, మేడమ్‌కు 50గా కనిపించాయి. ఆస్పిరేట్ కన్నా బయాప్సీలో ఎక్కువ రావడం మామూలే, ఎందుకంటే గుంపులుగా అతుక్కున్న ప్లాస్మా కణాలు సూదిలోకి సులువుగా రావు, పైగా ఆస్పిరేట్‌లో రక్తం కలుస్తుంది. రెండూ తేడాగా ఉంటే ఎక్కువ ఉన్నదాన్నే తీసుకోమని అంతర్జాతీయ మైలోమా వర్కింగ్ గ్రూప్ 2014 ప్రమాణాలు చెబుతున్నాయి. అదే ప్రమాణాల ప్రకారం క్లోనల్ (ఒకే కణం నుంచి పుట్టిన) ప్లాస్మా కణాలు 60 శాతం లేదా అంతకు మించి ఉంటే, వేరే ఏ లక్షణమూ లేకపోయినా చికిత్స అవసరమైన మైలోమాగా లెక్క. అంటే ఆమె అంకెకూ నా అంకెకూ మధ్యే ఆ గీత పడింది.

ఆ స్లైడును నేను మూడు రోజులు మళ్లీ మళ్లీ చూశాను. నా తప్పు ఎక్కడుందో మెల్లగా దొరికింది. నేను గోధుమ రంగును చూస్తున్నాను, కణాలను కాదు. ఒక ప్లాస్మా కణం అంచు పక్కనున్న చిన్న ఎరిథ్రాయిడ్ (ఎర్ర రక్త కణంగా మారబోయే) కణాన్ని కౌగిలించుకున్నట్టు ఉంటే, నా కన్ను రెండింటినీ పాజిటివ్ అనేది. కేంద్రకం కనిపించి, దాని చుట్టూ తెగని అంచు ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలని, కొవ్వు ఖాళీలను వదిలేసి, కంటి కటకంలో గడుల పలక పెట్టుకుని పది చోట్ల లెక్కిస్తే నాకు 54 వచ్చింది. మేడమ్ కూడా అదే పద్ధతిలో లెక్కిస్తే 52. అదృష్టవశాత్తూ ఆ రోగికి ఎముకల్లో గాయాలు స్కానులో అప్పటికే బయటపడి ఉండటం వల్ల, చికిత్స మా అంకె కోసం ఎదురుచూడలేదు. మరొకరి విషయంలో అలా ఉండకపోవచ్చు కాబట్టి, 50 నుంచి 70 మధ్య వచ్చే ప్రతి కేసునూ ఇద్దరం విడిగా లెక్కించాకే రాయాలని నిర్ణయించుకున్నాం.

మొదటి అసలు కేసు మే 11న వచ్చింది. ఆ రాత్రి ఫార్మలిన్‌లో, 12 ఉదయం నుంచి 14 ఉదయం దాకా ఈడీటీఏలో, ఆ రాత్రి ప్రాసెసింగ్, 15న మైనంలో పోసి కోయడం, రాత్రంతా ఆరబెట్టడం, 16న రంగు. సీడీ138లో రక్తనాళాల పక్కనా, కొవ్వు మధ్యనా విస్తరించిన ప్లాస్మా కణాల గుంపులు తేలాయి, మమ్1 దానికి సరిపోయింది. కప్పా స్లైడులో ఆ కణాలన్నీ గోధుమ రంగులో ఉన్నాయి, లాంబ్డా స్లైడు తిప్పుతూ పోతే అక్కడొకటి, ఇక్కడొకటి. టాన్సిల్‌లో రెండు కప్పా కణాలకు ఒక లాంబ్డా కణం చొప్పున చూసి అలవాటైన కంటికి ఆ ఖాళీ చాలా కొట్టొచ్చినట్టు కనిపించింది. దాదాపు అన్నీ ఒకే గొలుసు తయారుచేస్తున్నాయంటే అవి ఒకే కణం సంతానం, అంటే మైలోమా. సాయంత్రం 5 గంటలకు మేడమ్ సంతకం చేశారు, 5 రోజుల్లో రిపోర్టు వెళ్లింది. వార్డుకు ఫోన్ నేనే చేశాను. అవతలి డాక్టరు ఒక క్షణం ఆగి, "అప్పుడేనా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాక, ఎవరో తెలియని ఆ రోగికి మైలోమా అని తేలినందుకు నేను సంతోషిస్తున్నానా అని సిగ్గు కలిగింది.

నిన్న పాలిమర్ కిట్‌తో పాటు మమ్1 కొత్త సీసా వచ్చింది. ఈసారి ఐస్ ప్యాకులు గట్టిగానే ఉన్నాయి. లాట్ (తయారీ విడత) నంబరు మాత్రం పాతది కాదు. లాట్ మారితే తెలిసిన పాజిటివ్ ఒకటి, తెలిసిన నెగటివ్ ఒకటి పాత సీసాతో పక్కపక్కన వేసి చూడాలి. టాన్సిల్ బ్లాకు ఇప్పటికే చల్లటి పలక మీద పెట్టారు, సీనియర్ టెక్నీషియన్ గారు పెరాక్సైడ్ సీసా మీద ఈరోజు తేదీ రాస్తున్నారు.